ప్యూర్టోరికోలో నాలుగు రోజులు: ముందు రాళ్ళ దగ్గరికి, తర్వాతే కోటలకి

ప్రశ్న సారాంశం ఇది: "డల్లాస్‌లో ఉంటాం. నేను, నా భార్య, పదేళ్ళ బాబు, విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలు. జనవరి లాంగ్ వీకెండ్‌కి ప్యూర్టోరికో అనుకుంటున్నాం. బీచ్‌ల మీద మాకు అంత ఆసక్తి లేదు. పాత నగరాలు, కొలంబస్ రాకముందు అక్కడున్న తైనో ప్రజల స్థలాలు చూడాలని ఉంది. నా పాస్‌పోర్ట్‌లో హెచ్‌1బి స్టాంపింగ్ గడువు అయిపోయింది, ఆ టెన్షన్ ఒకటి. పైగా కగ్వానా అనే తైనో స్థలానికి వెళ్ళొచ్చిన స్నేహితుడు 'అక్కడ ఒట్టి రాళ్ళే, అంత దూరం డ్రైవింగ్ దండగ' అన్నాడు. నిజమేనా?"

దండగ కాదు. మీ స్నేహితుడిని నేను తప్పు పట్టను. మొదటిసారి వెళ్ళినప్పుడు నాకూ రాళ్ళే కనపడ్డాయి. మందుల ఫ్యాక్టరీలో వాలిడేషన్ పని మీద వెళ్ళి మనాతీ ఊళ్ళో ఆరేళ్ళు ఉన్నాను. ఆ ఉత్తర తీరంలో ఫార్మా కంపెనీలు చాలా ఉన్నాయి, మనవాళ్ళు కూడా కాంట్రాక్టుల మీద వచ్చి పోతుంటారు. ఇంటికి చుట్టాలు, స్నేహితులు వచ్చినప్పుడల్లా నేనే తిప్పేవాణ్ణి. అలా తిప్పగా తిప్పగా నాకు అర్థమైంది ఒకటే. ఏం చూశామన్నది ఎంత ముఖ్యమో, ఏది ముందు చూశామన్నదీ అంతే ముఖ్యం. అందరూ రాజధానిలోని పాత ఊరు ఓల్డ్ సాన్ హ్వాన్‌తో మొదలుపెడతారు. కోటలు చూసి, ఫోటోలు దిగి, మిగిలిన ఒక్క పూటలో అలసిపోయి కొండల్లోకి వెళ్తారు. అప్పటికి ఆ దీవి కథ స్పెయిన్ వాళ్ళ వైపు నుంచి బుర్రలో స్థిరపడిపోయి ఉంటుంది. ఇక ఆ రాళ్ళు ఏం చెప్పినా వినపడదు. మీరు తిరగేసి వెళ్ళండి.

ముందు వీసా సంగతి తేల్చేద్దాం. ప్యూర్టోరికో కరీబియన్ సముద్రంలోని దీవి, 1898 నుంచి అమెరికా చేతిలో ఉంది. డల్లాస్ నుంచి నేరుగా వెళ్ళే ఫ్లైట్ డొమెస్టిక్ ఫ్లైట్. దేశం దాటినట్టు కాదు కాబట్టి కొత్త స్టాంపింగ్ అవసరం పడదు. మీ అమ్మానాన్నల ఐ-94, అంటే దేశంలోకి వచ్చినప్పటి ప్రవేశ రికార్డు, కూడా అలాగే కొనసాగుతుంది. కానీ అక్కడి ఎయిర్‌పోర్ట్‌లో ఇమిగ్రేషన్ అధికారులు ఉంటారు, తిరిగొచ్చేటప్పుడు కాగితాలు అడిగే అవకాశం ఉంది. పాస్‌పోర్ట్‌లు, ఐ-797 (హెచ్‌1బి ఆమోద పత్రం) ఒరిజినల్, ఐ-94 ప్రింట్లు అందరివీ చేతి బ్యాగులో పెట్టుకోండి, చెక్-ఇన్ సామానులో వద్దు. ఇంకో మాట. "ఎలాగూ అంత దూరం వెళ్తున్నాం కదా" అని పక్కనున్న డొమినికన్ రిపబ్లిక్‌కో, బ్రిటిష్ వర్జిన్ దీవులకో బోటెక్కే ఆలోచన పెట్టుకోకండి. అది దేశం దాటడమే అవుతుంది. గడువైపోయిన స్టాంపింగ్‌తో అక్కడి నుంచి తిరిగి రావడం పెద్ద తలనొప్పి. మీ కేసులో ఇంకేదైనా మెలిక ఉంటే లాయర్‌ని అడిగాకే టికెట్లు కొనండి.

నేను చెప్పే వరస ఇలా ఉంటుంది. శుక్రవారం సాన్ హ్వాన్‌లో దిగి, కారు తీసుకుని, ఊళ్ళోకి పోకుండా 52 నంబరు హైవే మీద తిన్నగా దక్షిణ తీరంలోని పోన్సేకి వెళ్ళిపోండి. గంటన్నర ప్రయాణం. శనివారం పొద్దున తీబెస్ అనే తవ్వకాల స్థలం, మధ్యాహ్నం నుంచి పోన్సే ఊరు. ఆదివారం కొండలెక్కి అద్‌హుంతాస్, ఉతువాదో మీదుగా కగ్వానా. అక్కడి నుంచి ఉత్తరంగా అరెసీబో వైపు దిగి రాత్రికి సాన్ హ్వాన్. సోమవారమంతా కోటలు, రాత్రి ఫ్లైట్. ఇలా తిరిగితే దీవిలో ఒక చుట్టు పూర్తవుతుంది, కాలక్రమం కూడా కుదురుతుంది. అన్నిటికంటే పాతది తీబెస్, దాని తర్వాతది కగ్వానా, చివర స్పెయిన్ వాళ్ళ నగరం.

దీనికి ఇంకో కారణం కూడా ఉంది. జనవరి మూడో వారాంతంలో ఓల్డ్ సాన్ హ్వాన్‌లో సాన్ సెబాస్తియాన్ వీధి పండగ జరుగుతుంది. నాలుగు రోజులు ఆ ఇరుకు వీధులు జనంతో నిండిపోతాయి. పండగ కోసమే వెళ్ళేవాళ్ళకి అది అద్భుతం. పెద్దవాళ్ళతో, పిల్లాడితో కోటలు చూద్దామని వెళ్ళేవాళ్ళకి మాత్రం నరకం. ఆ ఏడాది తేదీలు ఏ వారాంతంలో పడ్డాయో ముందే చూసుకోండి. మీ లాంగ్ వీకెండ్‌తో కలిసిపడినా, సోమవారానికి పండగ అయిపోయి ఉంటుంది. తీబెస్, కగ్వానాల విషయం మాత్రం దీనికి తలకిందులు. అవి వారంలో అన్ని రోజులూ తెరవరు, సోమవారం నమ్ముకోకూడదు. బయల్దేరే ముందు రోజు ఫోన్ చేసి కనుక్కోండి. వెబ్‌సైట్లో రాసిన వేళలు చూసి వెళ్ళి మూసిన గేటు ముందు నిలబడ్డ రోజులు నాకు రెండున్నాయి.

కారు గురించి నాలుగు మాటలు. అక్కడ దూరాలు కిలోమీటర్లలో రాసి ఉంటాయి, స్పీడ్ లిమిట్ మాత్రం మైళ్ళలో. పెట్రోలు లీటర్ల లెక్కన పోస్తారు. మొదటి రోజు తికమకగానే ఉంటుంది. హైవేల మీద టోల్ అంతా ఎలక్ట్రానిక్. అద్దె కారులో టోల్ ట్యాగ్ ఉందా, అది పనిచేస్తోందా, రోజుకి ఎంత తీసుకుంటారు అని కౌంటర్ దగ్గరే అడిగి రాయించుకోండి. ఒకసారి మా బావగారు తీసుకున్న కారులో ట్యాగ్ యాక్టివేట్ చేయకుండా ఇచ్చారు. నెల తర్వాత ప్రతి టోల్‌కీ జరిమానా కలిపి బిల్లు వచ్చింది. కొండ రోడ్లు మన అరకు ఘాట్ రోడ్డులా ఉంటాయి, వెడల్పు అంతకంటే తక్కువ. మలుపుకి ముందు హారన్ కొట్టడం అక్కడి అలవాటు, మీరూ కొట్టండి. ఫోన్‌లో మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, లోయల్లో సిగ్నల్ పోతుంది. మ్యాప్ చూపించే అడ్డదారుల్లోకి దిగకండి. 2017 సెప్టెంబర్ 20న మరియా తుఫాను ఆ కొండల్ని చీల్చేసింది, ఉతువాదో చుట్టుపక్కల వంతెనలకు వంతెనలే కొట్టుకుపోయాయి. చిన్న రోడ్లు చాలా చోట్ల ఇంకా సగం కోసుకుపోయి కనిపించేవి. నంబరున్న పెద్ద రోడ్డు వదలకండి, చీకటి పడేలోపు కొండ దిగిపోండి.

ఇక అసలు విషయం. తీబెస్ పోన్సే ఊరికి ఉత్తరంగా, 503 నంబరు రోడ్డు మీద, పోర్తుగేస్ నది ఒడ్డున ఉంది. 1975లో ఎలోయీస్ తుఫాను వచ్చి నది పొంగితే మట్టి కొట్టుకుపోయి అడుగున వరసగా పేర్చిన రాళ్ళు బయటపడ్డాయి. తవ్వి చూస్తే బంతాట మైదానాలు, పూజా స్థలాలు, 180కి పైగా సమాధులు కనిపించాయి. ఇక్కడ ముందున్నది ఇగ్నేరీలు అనే తెగవాళ్ళు, వాళ్ళ తర్వాత తైనోలకి పూర్వీకులైన జనం. అంటే కొలంబస్ 1493 నవంబర్‌లో ఈ దీవికి వచ్చేనాటికి ఈ చోటు ఎప్పుడో పాతబడిపోయింది. సొంతంగా తిరగనివ్వరు, గైడ్ తీసుకెళ్తాడు. అది మంచిదే. దాదాపు గంట నడక, చాలా వరకు చెట్ల నీడలోనే, మీ అమ్మగారు నాన్నగారు నెమ్మదిగా నడవగలరు. ఒక మైదానం చుట్టూ రాళ్ళని నక్షత్రం ఆకారంలో పరిచారు. విషువత్తుల్లో, అయనాంతాల్లో సూర్యుడు ఉదయించే దిక్కుకి వాటిని పొందించారని గైడ్‌లు చెప్తారు. పగలూ రాత్రీ సమానంగా ఉండే రోజు ఎందుకు ముఖ్యమో మీ బాబుకి ముందే చెప్పి తీసుకెళ్తే, అక్కడ వాడే మీకు చెప్తాడు.

తీబెస్‌లో పాతకాలం పద్ధతిలో మళ్ళీ కట్టిన తాటాకు గుడిసెలు ఉంటాయి. వాటిని బొహీయో అంటారు. అక్కడి వంట సామాను దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోయేవాణ్ణి, ఎందుకంటే నాది పెద్దాపురం. మా చిన్నప్పుడు ఊరంతా సగ్గుబియ్యం మిల్లులే. లారీల్లో కర్రపెండలం దిగేది, చెక్కు తీసి, తురిమి, పాలు తీసి, ఆ పిండిని తేర్చి ఎండబెట్టేవాళ్ళు. ఆ మిల్లుల పక్క వీధిలో పుట్టినవాణ్ణి, ఆ పులిసిన వాసన ఎక్కడున్నా గుర్తుపడతాను. తైనోల ప్రధాన ఆహారం ఆ కర్రపెండలమే, వాళ్ళు యుకా అన్నారు. చేదు రకం దుంపలో విషం ఉంటుంది. దాన్ని గరుకు రాళ్ళు పొదిగిన పలక మీద తురిమి, ఆకులతో అల్లిన పొడుగాటి సంచిలో కూరి వేలాడదీసి, కింద బరువు కట్టి లాగేవాళ్ళు. విషం ఉన్న రసమంతా కారిపోయేది. మిగిలిన పిండిని బురెన్ అనే మట్టి పెనం మీద పల్చగా రొట్టెలా కాల్చేవాళ్ళు. ఆ కసాబె రొట్టె నెలల తరబడి పాడవదు. గుండ్రంగా, మందంగా ఉన్న ఆ బురెన్ చూస్తే మా అమ్మమ్మ మట్టి అట్లపెనం గుర్తొచ్చింది. కర్రపెండలం ఒక్కటే కాదు. మన జామ, మొక్కజొన్న, మిరప కూడా ఆ వైపు నుంచి ఓడలెక్కి వచ్చినవే. కొలంబస్ తన తొలి ప్రయాణంలోనే మిరప గురించి విని రాసుకున్నాడు, తైనోలు దాన్ని అహీ అనేవారు. మనం ఎరిగిన హరికేన్, బార్బెక్యూ, టొబాకో అనే మాటలు కూడా తైనోల నుంచి, లేదా వాళ్ళ దగ్గరి బంధు భాషల నుంచి వచ్చినవే. గుంటూరు మిరప లేని మన వంటని ఊహించుకుని ఆ పెనం ముందు ఒక నిమిషం నిలబడండి.

పోన్సే ఊరు సాయంత్రం పూట బాగుంటుంది, మధ్యాహ్నం ఎండ మాడ్చేస్తుంది. ఊరి నడిబొడ్డున లాస్ దెలీసియాస్ అనే ప్లాజా, దాని మధ్యలో కేథడ్రల్, వెనకే ఎర్ర నల్ల చారల చెక్క భవనం. దాన్ని పార్కె దె బొంబాస్ అంటారు. 1882లో ఒక ఎగ్జిబిషన్ కోసం కట్టి, తర్వాత ఫైర్ స్టేషన్ చేశారు. 1899 జనవరిలో, అమెరికా సైన్యం మందుగుండు దాచిన చోటుకి దగ్గరలో మంటలు లేచాయి. ఊరు వదిలి వెళ్ళమని సైన్యం ఆజ్ఞ. ఆ మాట లెక్కచేయకుండా కొందరు ఫైర్‌మెన్ లోపలికెళ్ళి మంటలు ఆర్పారు, ఊరు నిలిచింది. పోన్సే వాళ్ళకి ఆ భవనం అంటే అంత ప్రేమ ఎందుకో అది తెలిస్తే అర్థమవుతుంది. ఎదురుగా ఉన్న కొట్లో చింతపండు ఐస్‌క్రీమ్ తినండి. మిరప మనకి పంపారు, చింత ఆఫ్రికా, ఆసియాల వైపు నుంచి వాళ్ళకి చేరింది. 2020 జనవరి 7న 6.4 తీవ్రతతో వచ్చిన భూకంపం దక్షిణ తీరాన్ని బాగా దెబ్బతీసింది. పేరున్న పోన్సే ఆర్ట్ మ్యూజియం ప్రధాన భవనం ఆ దెబ్బకే మూతపడింది, ఇప్పుడు ఏ భాగం తెరిచి ఉందో చూసుకుని ప్లాన్ చేసుకోండి. ఇంకో రోజు చేతిలో ఉంటే పడమరగా ముక్కాలు గంట దూరంలో సాన్ హెర్మాన్ ఉంది. 1600ల నాటి చిన్న పోర్తా కోయెలీ చర్చి, దాని ఇటుక మెట్లు, పైనుంచి కనపడే పాత ఊరు. నాలుగు రోజుల్లో మాత్రం ఇరికించకండి.

ఆదివారం పొద్దున్నే బయల్దేరండి. పోన్సే నుంచి 10 నంబరు రోడ్డెక్కితే అద్‌హుంతాస్ వరకు హాయిగా ఉంటుంది. అక్కడి నుంచి ఉతువాదో వరకు కొంత దూరం పాత 123 రోడ్డు మీద మెలికలు తిరగాలి. మీ అమ్మగారికి వాంతుల బాధ ఉంటే ముందే మాత్ర వేయించండి. అద్‌హుంతాస్‌లో కాసా ప్వెబ్లో అనే గులాబీ రంగు ఇల్లు ఉంది. ఆ కొండల్లో రాగి, బంగారం కోసం గనులు తవ్వాలని ప్రభుత్వం అనుకున్నప్పుడు 1980లో ఊరివాళ్ళు మొదలుపెట్టిన సంస్థ అది. ఏళ్ళ తరబడి పోరాడి గనులు ఆపించారు. ఆ పోరాటానికి నాయకుడు అలెక్సిస్ మసోల్‌కి 2002లో, పర్యావరణం కోసం పోరాడేవాళ్ళకి ఇచ్చే గోల్డ్‌మన్ పురస్కారం వచ్చింది. సంస్థ ఖర్చుకి వాళ్ళే కాఫీ పండించి అమ్ముతారు. మరియా తర్వాత ఊరంతా చీకట్లో ఉంటే ఈ ఇల్లు సోలార్ కరెంటుతో వెలిగింది, జనం వచ్చి ఇక్కడే ఫోన్లు ఛార్జ్ చేసుకున్నారు. కాఫీ పొట్లం అక్కడ కొనండి. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఆ గనులు వచ్చి ఉంటే మీరు చూడబోయే కొండలు ఇలా ఉండేవి కావు.

కగ్వానా ఉతువాదో నుంచి పడమరగా 111 రోడ్డు మీద, తనామా నది దగ్గర ఉంది. గుండ్రటి పచ్చటి సున్నపురాయి కొండల మధ్య ఒక చదును చేసిన మెట్ట. దాని మీద గడ్డి, గడ్డి మధ్య రాళ్ళతో గీసిన చతురస్రాలు, వలయాలు. ఒక్కోదాన్ని బతెయ్ అంటారు, పదికి తక్కువ కాకుండా ఉన్నాయి. 1200ల నుంచి స్పెయిన్ వాళ్ళు వచ్చేదాకా వాడిన చోటు. 1914, 1915 సంవత్సరాల్లో జాన్ ఆల్డెన్ మేసన్ అనే పరిశోధకుడు మొదట తవ్వకాలు చేశాడు. 1950లలో ప్యూర్టోరికో సాంస్కృతిక సంస్థ ఈ స్థలాన్ని కొంటే, రికార్దో అలెగ్రియా పూనుకుని బాగు చేయించాడు. ఆయన లేకపోతే అక్కడ ఈపాటికి ఆవులు మేస్తూ ఉండేవి.

మొదటిసారి నేను వెళ్ళినప్పుడు ఒక పావుగంటలో చుట్టేసి, ఇంతేనా అనుకుని బయటికి వస్తున్నాను. అక్కడ పనిచేసే ఒక పెద్దాయన చూసి, "ఆవిడని చూశావా?" అని అడిగాడు. ఎవరిని అన్నాను. చెయ్యి పట్టుకున్నంత పని చేసి వెనక్కి తీసుకెళ్ళాడు. పెద్ద మైదానం అంచున నిలువుగా పాతిన పెద్ద రాళ్ళ వరస ఉంది. నేను దాని ముందు నుంచే నడిచి వచ్చాను. ఎండ తిన్నగా పడుతుంటే రాయంతా ఒకే బూడిద రంగు. ఆయన నా గొడుగు తీసుకుని రాయికి నీడ పట్టాడు, ఫోన్ టార్చ్ రాయికి ఆనించినంత పక్క నుంచి వేశాడు. అంతే, లోపలి నుంచి మనిషి లేచి వచ్చినట్టు గీతలన్నీ తేలాయి. తల మీద అలంకారం, పెద్ద చెవులు, రొమ్ముల పక్కన చేతులు, కప్పలా రెండు వైపులా మడిచిన కాళ్ళు. ఆమెని కగ్వానా స్త్రీ అంటారు. చాలామంది ఆమెని నీటికీ పుట్టుకకీ తల్లి అయిన అతబెయ్ దేవతగా భావిస్తారు. వానకి ముందు అరిచే కప్ప, సంతానం, నీళ్ళు, ఈ మూడూ ఆ మడిచిన కాళ్ళలో ఉన్నాయి. మనవైపు వానల కోసం కప్పతల్లి ఆడిన వాళ్ళకి ఇది వేరే విడమరిచి చెప్పనక్కర్లేదు.

కాబట్టి గొడుగు, ఫోన్ టార్చ్ మర్చిపోకండి. రాయికి తిన్నగా ఎదురుగా నిలబడొద్దు, పక్కకి జరిగి చూడండి. గీతలు కనపడలేదని సుద్దముక్కతో దిద్దడం, నీళ్ళు చల్లడం, వేలితో రాయడం మాత్రం దయచేసి చేయకండి, బాబుకి కూడా చెప్పండి. ఏడెనిమిది వందల ఏళ్ళ వానకే సగం అరిగిపోయాయి.

ఆ మైదానాల్లో ఏం జరిగేది? బంతాట. చెట్ల పాలు, జిగురుతో చేసిన బంతి. చేత్తో ముట్టకూడదు, తుంటితో, భుజంతో, మోకాలితో కొట్టాలి, కింద ఆగిపోకూడదు. ఎగిరే బంతిని చూసి స్పెయిన్ వాళ్ళు ఆశ్చర్యపోయారు, వాళ్ళు అంతవరకు రబ్బరు బంతి చూడలేదు. ఆట ఒక్కటే కాదు, అక్కడే అరెయ్తో కూడా జరిగేది. రాత్రంతా పాడుతూ, అడుగులేస్తూ తాతముత్తాతల కథలు చెప్పుకునే వేడుక అది. వాళ్ళకి లిపి లేదు. ఆ పాటే చరిత్ర పుస్తకం. ఆ పాడేవాళ్ళు పోవడంతో పుస్తకం పోయింది. మిగిలిన పేజీలు ఈ రాళ్ళే. పక్కనున్న కొండ కొమ్ముని కూడా చూడండి, తైనోల దేవతా రాయి సెమీలాగే కోణంగా ఉందని చెప్తారు.

ఎలా పోయారన్నది కూడా తెలిసి ఉండాలి. 1508లో స్పెయిన్ నుంచి వచ్చిన పోన్సె దె లియోన్ కపార్రాలో మొదటి వలస ఊరు కట్టాడు. తైనోలని పంచుకుని బంగారం ఏరించారు. స్పెయిన్ వాళ్ళకి చావు లేదేమోనని మొదట భయపడ్డ తైనోలు, సల్సేదో అనే స్పెయిన్ యువకుణ్ణి నది దాటిస్తున్నట్టు మోసుకెళ్ళి నీళ్ళలో ముంచి, శవం పక్కన రోజుల తరబడి కూర్చుని చూశారని ఆనాటి స్పెయిన్ రచయితలు రాశారు. లేవలేదు. 1511లో రెండో అగ్వెయ్‌బనా అనే తైనో పెద్ద నాయకత్వంలో తిరుగుబాటు లేచింది, అణిచేశారు. యుద్ధం, చాకిరీ, మశూచి కలిసి కొద్ది దశాబ్దాల్లో జనాన్ని తుడిచిపెట్టాయి. అందుకే పాఠ్యపుస్తకాల్లో తైనోలు అంతరించిపోయారు అని రాశారు. ఆ మాట అక్కడ ఎవరి ముందూ అనకండి. మయాగ్వెస్ యూనివర్సిటీ పరిశోధకుడు హ్వాన్ మార్తీనెస్ క్రుసాదో దీవి జనం డీఎన్ఏ పరీక్షిస్తే, తల్లి వైపు వంశం చూసినప్పుడు 61 శాతం మందిలో స్థానిక మూలం తేలింది. దీవికి తైనోలు పెట్టిన పేరు బొరికెన్. ఇప్పటికీ ప్యూర్టోరికన్లు తమని తాము బొరీక్వా అని గర్వంగా చెప్పుకుంటారు. గొడుగు పట్టిన ఆ పెద్దాయన రాళ్ళ వైపు చూపిస్తూ "వాళ్ళు" అనలేదు, "మా వాళ్ళు" అన్నాడు.

హయూయాలో ఒక నది మధ్యలో ఉన్న పెద్ద బండ, లా పియెద్రా ఎస్క్రీతా, దాని నిండా తైనోల బొమ్మలు ఉన్నాయి. పిల్లలు దాని పక్కన ఈత కొడతారు. మీ బాబుకి తప్పకుండా నచ్చుతుంది. కానీ అదే రోజు కగ్వానాతో కలిపితే కొండల్లో చీకటి పడుతుంది. పెద్దవాళ్ళు ఉన్నారు కాబట్టి నేనైతే వదిలేస్తాను.

ఇక సోమవారం సాన్ హ్వాన్. పాత ఊళ్ళోకి కారు తీసుకెళ్ళకండి, హోటల్లోనే వదిలి క్యాబ్‌లో వెళ్ళండి. కాళ్ళ కింద నీలంగా మెరిసే రాళ్ళు చూడండి. అవి కొండరాళ్ళు కావు, ఇనుము కరిగించాక మిగిలే చిట్టెంతో పోసిన దిమ్మెలు. వాన పడ్డాక వాటి రంగు తేలుతుంది, జారుడు కూడా ఉంటుంది, నాన్నగారికి గట్టి అడుగున్న బూట్లు వేయించండి. మొదట్లో దీవి పేరు సాన్ హ్వాన్, ఊరి పేరు ప్యూర్టోరికో, అంటే సంపన్న రేవు. కాలక్రమంలో రెండు పేర్లూ తారుమారయ్యాయి.

ఎల్ మోరో కోట పని 1539లో మొదలైంది. సముద్రం మీదికి పొడుచుకొచ్చిన కొమ్ము మీద ఆరు అంతస్తులు. 1595లో ఇంగ్లండ్ నావికుడు ఫ్రాన్సిస్ డ్రేక్ ఓడలతో వచ్చి దెబ్బతిని పోయాడు. 1598లో ఇంగ్లండ్‌కే చెందిన కంబర్లాండ్ ప్రభువు నేల మీద నుంచి వచ్చి పట్టుకున్నాడు, కానీ సైనికులు జబ్బున పడి వదిలేసి వెళ్ళాడు. 1625లో డచ్చి వాళ్ళు ఊరు తగలబెట్టారు, కోట మాత్రం లొంగలేదు. నేల వైపు నుంచి ప్రమాదం అని తెలిశాకే తూర్పున సాన్ క్రిస్టోబాల్ కోట పెరిగింది, స్పెయిన్ అమెరికా ఖండాల్లో కట్టిన కోటల్లో అదే పెద్దది. ఇదంతా కట్టడానికి డబ్బు మెక్సికో వెండి గనుల నుంచి వచ్చింది. కష్టపడ్డ చేతుల్లో ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసలవి చాలా. ప్యూర్టోరికోలో బానిసత్వం రద్దయింది 1873 మార్చి 22న. కోటలకి, గవర్నర్ ఉండే లా ఫోర్తలేసాకి కలిపి 1983లో యునెస్కో గుర్తింపు వచ్చింది. ఒకే టికెట్‌తో రెండు కోటలూ చూడొచ్చు, నేషనల్ పార్క్ పాస్ ఉంటే అదే చాలు, బాబుకి టికెట్ ఉండదు.

రెండూ ఎక్కించి పెద్దవాళ్ళని అలసిపోనివ్వకండి. పొద్దున చల్లగా ఉన్నప్పుడు సాన్ క్రిస్టోబాల్. అక్కడ సొరంగాలు, వాన నీళ్ళు దాచిన పెద్ద తొట్లు, ఖైదీ గోడ మీద గీసిన ఓడల బొమ్మలు ఉన్నాయి. మధ్యాహ్నం బల్లహా సైనిక భవనంలో మ్యూజియో దె లాస్ అమెరికాస్ తెరిచి ఉంటే చూడండి, సోమవారాలు మూసి ఉండొచ్చు కాబట్టి ముందే కనుక్కోండి. నీడ ఉంటుంది, స్థానిక జాతుల మీదా ఆఫ్రికా వారసత్వం మీదా మంచి గదులున్నాయి. సాయంత్రం ఎల్ మోరో పై అంతస్తు వరకు చాలు, కింది ర్యాంపులు బాగా ఏటవాలు. కోట ముందు పెద్ద గడ్డి మైదానంలో గాలి ఆగకుండా వీస్తుంది, పిల్లలంతా గాలిపటాలు ఎగరేస్తుంటారు. వీధిలో అమ్ముతారు, చిరింగా అని అడగండి. సంక్రాంతి వారంలో మీవాడి చేతిలో దారం పెట్టడానికి అంతకంటే మంచి చోటు ఉండదు. కేథడ్రల్‌లో పోన్సె దె లియోన్ పాలరాతి సమాధి ఉంది. కగ్వానా చూసి వచ్చిన కళ్ళతో దాని ముందు నిలబడండి. నేను వరస తిప్పమన్నది ఈ ఒక్క క్షణం కోసం కూడా.

తిండి. మీ అమ్మగారు శాకాహారులైతే కొంచెం జాగ్రత్త కావాలి. అన్నం, రాజ్మాలాంటి చిక్కుడు గింజల కూర ప్రతిచోటా దొరుకుతాయి, కానీ గింజల్లో తరచూ పంది మాంసం ముక్క వేస్తారు. "సిన్ కార్నె, సిన్ హమోన్" అని చెప్పి, వండేవాళ్ళని ఒకసారి అడిగించండి. మొఫోంగో అంటే వేయించిన పచ్చి అరటిని వెల్లుల్లితో దంచిన ముద్ద. మామూలుగా అందులో పంది చర్మం కలుపుతారు, లేకుండా చేయమంటే చేస్తారు. అరటికాయ తొస్తోనెస్, ఉడికించిన యుకా, చేమలాంటి యౌతియా నిశ్చింతగా తినొచ్చు. వంట కారంగా ఉండదు. మిరపకాయలు వెనిగర్‌లో నానేసిన పీకె సీసా బల్ల మీద అడిగి తీసుకోండి, ఒక చిన్న డబ్బాలో కందిపొడి పెట్టుకెళ్ళండి. పక్క బల్ల వాళ్ళు వెళ్తూ "బ్వెన్ ప్రొవేచో" అంటారు, తృప్తిగా తినండి అని. నవ్వి గ్రాసియాస్ అంటే చాలు. దోమల మందు మర్చిపోవద్దు, డెంగీ ఉంది, కొండల్లో సాయంత్రాలు మరీ.

తిరుగు ప్రయాణంలో ఎయిర్‌పోర్ట్‌లో చెక్-ఇన్ కంటే ముందు వ్యవసాయ శాఖ వాళ్ళు బ్యాగులు స్కాన్ చేస్తారు. పచ్చి పళ్ళు, కూరగాయలు, మొక్కలు చాలావరకు ఆపేస్తారు. వేయించిన కాఫీ పొట్లాలకి ఇబ్బంది లేదు. ఆ లైను కోసం అరగంట ఎక్కువ పెట్టుకోండి. మీ తేదీలు, అమ్మానాన్నలు ఒక్క విడతలో ఎంతసేపు నడవగలరో రాయండి, హోటల్ ఏ వీధిలో తీసుకుంటే మెట్లు తక్కువో చెప్తాను.